నాన్న క్యారేజీ మూత

సముద్రంలో చేపల వేటకు పోయిన నాన్న తిరిగి రాలేదు. ఆయన అన్నం క్యారేజీ మూత ఒక్కటే బోగోలు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత, ఫిజిక్సు లెక్చరరైన కూతురు పుష్పకుమారి రేపటి ప్రయోగం కోసం ఆ మూతలోంచే ఒక బిళ్ల కత్తిరించింది. బీరువా నిండా అల్యూమినియం రేకులున్నాయి. అయినా వలలు లాగినవాడి మూతతో పాఠం చెప్పడం ఆమెకు గర్వం.

న్యూట్రాన్లు తగిలితే అల్యూమినియం కాసేపు రేడియోధార్మికమవుతుంది. ఆ రేడియోధార్మికత రెండుంపావు నిమిషాలకోసారి సగమవుతూ, అరగంటకల్లా పోతుంది. ముందుగా ఒకసారి సరిచూసుకుందామని, చీకటిపడ్డాక న్యూట్రాన్ల పెట్టెలోంచి బిళ్ల తీసి ఆమె రేడియోధార్మికతను లెక్కపెట్టే కౌంటరు కింద పెట్టింది. నిమిషానికి నాలుగు వందల చిటపటలు రెండు వందలయ్యాయి, తర్వాత వంద, ఆపైన యాభై. చివరికి ల్యాబులో కిటికీలోంచి వచ్చే అలల చప్పుడు మాత్రం మిగిలింది.

"ఇంకా ఇంటికి పోలేదా మేడమ్?" అన్నాడు సమాధానం అనే వాచ్‌మన్, గుమ్మంలో నిలబడి.

"అయిపోయింది అన్నా. మా నాయన మూత ఒక్క లెక్క గూడా తప్పలా."

అతను వెళ్లిపోయాడు. ఆమె స్విచ్చు మీద వేలు పెట్టేసరికి కౌంటరు చిటుక్కుమంది.

న్యూట్రాన్ల పెట్టెకు తాళం వేసే ఉంది. తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉంది. అయినా చిటపటలు యాభైకి చేరాయి. రెండుంపావు నిమిషాలకు వందయ్యాయి. మరో రెండుంపావుకు రెండు వందలు. పోయినది పోయిన దారినే, అదే లెక్కన తిరిగి వస్తోంది.

ఆమె పారిపోలేదు. రికార్డు పుస్తకంలో కొత్త గడి గీసింది. ఒకప్పుడు ఒడ్డున నాన్న కోసం అమ్మ కూర్చున్నట్టే వీపు నిటారుగా పెట్టి, నాలుగు వందల కోసం కూర్చుంది.