విమానాలవాళ్ళ సంఘం

"మద్రాసులో విమానాలున్నోళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారంట. నన్నూ చేరమంటన్నారే!"

వీరరాఘవయ్య ఆ మాట విమానంలో కూర్చునే అన్నాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేస్తే పాడుకున్న విమానం అది. వినుకొండ స్టేషన్ నుంచి రెండు జతల ఎడ్లను కట్టి లాక్కొచ్చి కళ్ళంలో నిలబెట్టాడు. రోజూ సాయంత్రం ఎక్కి కూర్చుంటాడు. లేపే ధైర్యం చాలక దిగొస్తాడు.

"చేరితే ఏంది లాభం?" వెనక సీట్లో పొదిగే కోడికి నూకలు పోస్తూ అడిగింది భార్య నాగేంద్రమ్మ.

"వాళ్ళ మైదానంలో దిగొచ్చు. ఏదన్నా విరిగితే సామాను తెప్పించి పెడతారు."

"దిగాలంటే ముందు లేవాలి గదా!"

ఆయన నవ్వలేదు. "ఊళ్ళో అందరూ ఆ మాటే అంటన్నారు. ఆ సంఘంలో సగం మంది ఇంతవరకూ ఎగరనేలేదంట నాగేంద్రం. అయినా వారానికోసారి కూర్చుని విమానాల గురించే మాట్లాడుకుంటారంట."

నాగేంద్రమ్మ చెయ్యి ఆగింది. పుట్టింట్లో జతలో ఒక ఎద్దు చచ్చిపోయిన ఏడాది, ఆమె తండ్రి ఊరూరా తిరిగి ఇంకో ఒంటెద్దు రైతును వెతుక్కున్నాడు. ఇద్దరూ కలిసి అరక కట్టిన రోజు ఆయన మొహం చూసి తీరాల్సిందే.

"చేరండి," అంది.

"విమానం ఎప్పుడు తెస్తావని అడిగితే?"

"కోడి పొదుగుతా ఉందని చెప్పండి."

"మరి పిల్లలు లేచాక?"

"అప్పటికి ఇంకో కోడిని పొదగేస్తాలెండి."