ఇరవై మూడు డిగ్రీలు

ప్రయోగశాల తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ బుట్ట ఉంటుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు తాళాలు, ఫోను, గడియారం, బెల్టు, చిల్లర అన్నీ అందులో పడేసి వెళ్ళాలి. సాక్షాత్తూ డీన్ గారొచ్చినా చేత్తో ప్యాంటు పట్టుకుని నడవాల్సిందే. అది ప్రొఫెసర్ గారి శాసనం. విద్యార్థులు ఆయన్ని వెనకాల ‘ఇనుము సారు’ అంటారు. ఎదురుగా ఏమీ అనరు.

ఆయన భయంలో అర్థం ఉంది, పాపం. రాయి పుట్టేటప్పుడు అందులోని ఇనుప రేణువులు అప్పటి ఉత్తర దిక్కుకు తిరిగి, అలాగే బిగుసుకుపోతాయి. శాస్త్రవేత్తలు దిక్సూచి పెట్టి రాతిమీద బాణం గుర్తు గీసి, ముక్క తొలిచి తెచ్చుకుంటారు. ఆ గుర్తును బట్టి పాత ఉత్తరం ఎటుందో కొలిచి, రాయి వయసు చెబుతారు. దిక్సూచి దగ్గర ఒక్క తాళంచెవి ఉన్నా చాలు, కోట్ల ఏళ్ల లెక్క తారుమారవుతుంది.

ఇనుము సారు కీర్తి అంతా ఒకే ఒక్క కొండ మీద నిలబడింది. ఊరికి దూరంగా ఒక పాత క్వారీలో ఉందది. ఆ రాతి పొరల్లోని ఉత్తరం, అందరూ అనుకున్నదానికి ఇరవై మూడు డిగ్రీలు పక్కకి ఉందని ఇరవై ఏళ్ల కిందట ఆయన తేల్చారు. దాంతో కొండ వయసు ఒక్కసారిగా నాలుగు కోట్ల ఏళ్లు పెరిగింది. సర్వీసు రికార్డులో తన వయసు మాత్రం రెండేళ్లు తగ్గించుకున్నారు, అది వేరే సంగతి.

ఆ ఘనతలో తనకీ వాటా ఉందంటుంది ఆయన భార్య. మొదటిసారి ఆ క్వారీకి వెళ్ళినప్పుడు ఆయనకు నడుం పట్టేసింది. రెండు రోజులకే మూలుగుతూ ఇల్లు చేరారు. ఆవిడ నలుగురినీ వాకబు చేసి, ఒక గుడ్డ పట్టీ తెచ్చి చొక్కా కింద కట్టింది. అది ఎక్కడ దొరికిందో, ఎందుకు మంచిదో చెబుతుంటే ఆయన పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టారు. ఇంట్లో ఆయన పూర్తిగా విన్న మాట ఇన్నేళ్ల కాపురంలో ఒక్కటీ లేదు. మళ్ళీ వెళ్ళి నెల రోజులు నిటారుగా నిలబడి పనిచేసి, ప్రపంచ ప్రఖ్యాతితో తిరిగొచ్చారు.

ఇప్పుడా కొండే ఆయన శిష్యురాలి కొంప ముంచింది. ఆమె మూడేళ్లు ఒంటరిగా కొలిచింది. నూట నలభై ముక్కలు. ఒక్కదాంట్లోనూ ఆ ఇరవై మూడు డిగ్రీలు లేవు. ఉన్నదున్నట్టు థీసిస్ రాసి సారు చేతిలో పెట్టింది. అంత అమాయకురాలు.

సారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. తప్పెక్కడుందో ఆయనకు క్షణంలో తెలిసిపోయింది. ఆమె జడలో రెండు పిన్నులున్నాయి. ఆమె పిన్నులు తీసేసి మళ్ళీ కొలిచింది. తేడా లేదు. అయితే చెప్పుల్లో మేకులన్నారు. ఉత్త కాళ్లతో కొలిచింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి గానీ డిగ్రీ కదల్లేదు. చివరికి ఆయన గడువు పెట్టారు. నెలాఖరులోగా సరైన లెక్క రాకపోతే సంతకం పెట్టరు. సంతకం లేకపోతే డాక్టరేటు లేదు, ఆమె కోసం ఆపి ఉంచిన ఉద్యోగమూ లేదు.

ఆపైన పెద్ద మనసు చేసుకుని, ఎలా కొలవాలో చూపిస్తానంటూ తానే క్వారీకి బయలుదేరారు.

జేబులో తాళాలున్నాయని డ్రైవరును అర కిలోమీటరు దూరం తరిమారు. ఆమె చేత బంగారు కమ్మలు కూడా తీయించారు. బంగారానికీ దిక్సూచికీ సంబంధం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా గురువు గురువే. ఆమె అంతకుముందు కొలిచిన చోటే, బండ అంచుకు నడుం ఆనించి, దిక్సూచి పెట్టి చూపించారు. ఆమె తన నోటుపుస్తకం తీసి పోల్చుకుంది. సరిగ్గా ఇరవై మూడు డిగ్రీల తేడా. నమ్మలేక తనే దిక్సూచి పట్టుకుని చూసింది. సారు అక్కణ్ణించి కదల్లేదు. ముల్లూ కదల్లేదు.

“అంటే ఇన్నాళ్లూ నేనే తప్పు కొలిచానా సార్?”

“చదువొక్కటే చాలదమ్మాయ్. రాయి దగ్గర నిలబడటం కూడా రావాలి.”

దారంతా ఆమె జీపులో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఇంటికెళ్ళి గుండె రాయి చేసుకుని, నూట నలభై అంకెలకూ తలా ఇరవై మూడు కలిపింది. పెద్దవాళ్ల భాషలో దాన్ని సవరణ అంటారు.

నెలాఖరు రోజు సాయంత్రం మూడు ప్రతులూ పట్టుకుని సారు ఇంటికి వెళ్ళింది. బల్ల మీద పెట్టి, నడుం పట్టుకుని మెల్లగా కుర్చీలో కూలబడింది. మూడేళ్లు వంగి వంగి కొలిచిన నడుము మరి. సారు కలం మూత తీసి, మొదటి ప్రతి మీద సంతకం చేశారు. రెండోదాని మీదా చేశారు. మధ్యలో వినయం గురించి నాలుగు ముక్కలు చెప్పారు.

టీ తెచ్చిన ఆయన భార్య ఆ పిల్ల అవస్థ చూసింది. లోపలికి వెళ్ళి కొత్త పట్టీ ఒకటి పట్టుకొచ్చింది. వద్దండీ అని ఆమె మొహమాటపడితే, సిగ్గెందుకని కోప్పడి చేతిలో పెట్టింది. కొండ పేరు చెప్పి మీ సారుకి దండలేస్తారు గానీ ఈ పట్టీకి ఎవరూ వెయ్యలేదని, స్నానానికి తప్ప ఆయన ఇన్నేళ్లూ దీన్ని విప్పిందే లేదని చెప్పుకొచ్చింది. సారు ఎప్పట్లాగే వినకుండా మూడో ప్రతి దగ్గరికి లాక్కున్నారు.

“ఉత్త గుడ్డేగదా అని తేలిగ్గా చూడకమ్మా,” అంది ఆవిడ, “లోపల చుట్టూరా పదహారు అయస్కాంతాలు పెట్టి కుట్టారు, అవీ మహా గట్టివి.”