తర్వాతి ప్రశ్న

"రక్తం చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయా? ఒకటి నుంచి అయిదు లోపు ఓ అంకె చెప్పు. ఒకటంటే అస్సలు తిరగవని."

"అయిదు," అంది నెవ్యానా.

"ఆలోచించి చెప్పమ్మాయ్."

"ఆలోచించే చెప్పాను సార్. మూడో ఏడాదిలో ఆపరేషన్ గదిలో వెనక్కి విరుచుకు పడిపోయాను. కాలేజీ కాలేజీ అంతా నవ్వింది."

ప్రొఫెసర్ కరస్తోయనోవ్ నవ్వబోయి ఊరుకున్నాడు. వాళ్ళ కాలేజీలో వైద్యం పూర్తిచేసిన ప్రతివాళ్ళూ ఆయన ప్రశ్నావళికి జవాబులివ్వాల్సిందే. గుండెలా, ఎముకలా, పిల్లల వైద్యమా, ఎవరికి ఏది నప్పుతుందో ఆ జవాబుల్ని బట్టి చెబుతాడు. విద్యార్థులు చాటుగా ఆయన్ని సోదెగాడంటారు. నెవ్యానా ఒక్కతే ఇన్నాళ్ళూ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకు తిరిగింది.

ఇవాళ దొరికిపోయింది. రొడోప్ కొండల్లో ఓ పల్లెలో వైద్య శిబిరం ముగించుకుని వస్తుంటే దారిలో కొండచరియ విరిగిపడింది. వ్యాను ముందుభాగం రాళ్ళలో కూరుకుపోయింది. ఫోన్లు పలకలేదు. డ్రైవరు బోజిదార్ మనుషుల్ని తీసుకొస్తానని కింది ఊరికి వెళ్ళాడు.

వెనక సీటు మీద ప్రొఫెసర్ పడుకున్నాడు. సీటు పక్కన, కింద, మోకాళ్ళ మీద నెవ్యానా. తెచ్చుకున్నది ఒక్క కోటు. అదే ఇద్దరి మీదా కప్పుకున్నారు. బయట సన్నగా వాన. అద్దాల నిండా పొగమంచు.

"ఇప్పుడా సార్ ప్రశ్నలు?" అని మొదట్లోనే బతిమాలిందామె.

"మరేం చేద్దాం? పేకముక్కలు తెచ్చావా?" అన్నాడాయన. "కాగితాలక్కర్లేదు. నాకన్నీ నోటికొచ్చు."

ఆమె సరేనన్నట్టు తలూపింది.

"ఒకేచోట కదలకుండా ఎంతసేపు ఉండగలవు?"

"తెలీదు. ఇప్పటికే కాళ్ళు తిమ్మిరెక్కాయి."

"కాళ్ళ సంగతి నేనడగలేదు."

"మూడు వేసుకోండి."

"అడిగేందుకు పెద్దవాళ్ళెవరూ పక్కన లేరు. ఓ మనిషిని నీ మీద వదిలేశారు. ఏం చేస్తావు?"

"ఏడుస్తాను."

"ఏడ్చి?"

ఆమె ముక్కు ఎగబీల్చింది. "ఏడుస్తూనే చేస్తాను. ఇంకేం చెయ్యను?"

"దీనికి అంకె లేదే," అన్నాడాయన. చలికో ఏమో, ఆయన పెదాలు పాలిపోయాయి. "సరే, నీకేం కావాలనుంది?"

"అమ్మ చర్మం డాక్టరవమంటోంది. దురద పుట్టిందని అర్ధరాత్రి ఎవరూ తలుపు కొట్టరట."

"మీ అమ్మ ముందు నా ప్రశ్నావళి ఎందుకూ పనికిరాదు." ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "తర్వాతిది. నీ పొరపాటు వల్ల ఒకరి ప్రాణం పోతే…"

"ఆ ప్రశ్న వద్దు."

"వదిలేస్తే ఫలితం సరిగా రాదమ్మాయ్."

"వద్దన్నానా!"

ప్రొఫెసర్ ముందు ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి. వ్యాను పైకప్పు మీద గులకరాయి ఒకటి దొర్లింది. ఇద్దరూ పైకి చూశారు. ఇంకోటి దొర్లింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాయి.

"సార్! తర్వాతి ప్రశ్న!"

ఆయన రెప్పలు కదల్లేదు.

"సోదెగాడా!" అని అరిచింది నెవ్యానా.

ఆయన ఒక కన్ను తెరిచాడు. "ఆ పేరు నాకెప్పుడో తెలుసులే. ఎక్కడున్నాం?"

"నిద్ర గురించి అడగలేదింకా. అందర్నీ అడుగుతారట కదా. అడగండి."

"ఆ… రాత్రంతా మేలుకుని ఉండాల్సివస్తే…" మాట సగంలో తెగిపోయింది. మళ్ళీ కూడదీసుకున్నాడు. "చాల్లే. నాకు విషయం తెలిసిపోయింది. ఫలితం చెప్పెయ్యనా?"

"వద్దు!" ఆమె తల అడ్డంగా ఊపింది. "ఫలితం వద్దు సార్, మీకు దణ్ణం పెడతాను. ఇంకా ప్రశ్నలున్నాయిగా, అవి అడగండి."

"సర్జరీ," అన్నాడాయన మెల్లగా.

"మీ లెక్క తప్పు. భయంతో చచ్చిపోతున్నాన్నేను."

"చూస్తూనే ఉన్నాగా."

"మరి?"

ఆయన కళ్ళు మళ్ళీ మూతలుపడుతున్నాయి. ఆమె ప్రశ్నలు తనే మొదలుపెట్టింది. మీ భార్య పేరేంటి? ఇంట్లో జున్ను పెట్టిన రొట్టె, బనిత్సా, మీరు కాలుస్తారా, ఆవిడా? మనవరాలికి ఎన్నేళ్ళు? ఆయన ఒక్కోదానికీ ఒక్కో ముక్క చెప్పాడు. ముక్కలు చిన్నవవుతూ వచ్చాయి. చివరికి పెదాలు కదిలాయి గానీ మాట వినబడలేదు. ఆమె మాత్రం ఆపలేదు. గొంతు బొంగురుపోయినా అడుగుతూనే ఉంది.

పొగమంచులో లైట్లు కనిపించాయి. రాళ్ళ మీదుగా మనుషులు ఎక్కి వస్తున్న చప్పుడు. ముందు బోజిదార్. వెనకే అంబులెన్సు డాక్టరైన ఓ బలమైన పెద్దావిడ. సంచీతో వ్యానులోకి దూరింది.

"పక్కకి జరుగు తల్లీ."

"జరగను."

"నేను డాక్టర్నమ్మా. నన్ను చూడనీ."

"జరగలేనండీ," అంది నెవ్యానా. ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

డాక్టరు విసుగ్గా కోటు అంచు పట్టుకుని ఎత్తింది. లోపలికి తొంగి చూసింది. సంచీలోకి గబగబా చెయ్యి పెట్టింది.

ఆవిడ పట్టకారు బిగించి "ఇక వదులు" అనేదాకా, ప్రొఫెసర్ తొడలో వ్యాను రేకు చీల్చేసిన చోట రక్తం చిమ్ముతున్న నాళాన్ని మొదటి ప్రశ్నకి ముందు నుంచీ నొక్కిపట్టి ఉంచిన తన రెండు వేళ్ళనీ నెవ్యానా బయటికి తియ్యలేదు.