మగ్గం కింద

టీ పెట్టుకుని ముందు గదిలోకి వచ్చిన సుకన్యకు, మగ్గం కింద ఎవరో ఆడమనిషి కనిపించింది.

మోకాళ్ళ మీద వంగి, అరచేత్తో నేలంతా తడుముతోంది. వెలిసిపోయిన చీర, నూనె ఎరగని జుట్టు. పది నెలల హన్సిక పక్కనే పాకుతూ ఆమె వేళ్ళనే చూస్తోంది.

"ఎవలు నువ్వు? ఏం ఏరుతానవ్?"

ఆమె తల ఎత్తలేదు. దొరికినదాన్ని కొంగున ముడి వేసుకుని, వచ్చినంత నిమ్మళంగానే వెళ్ళిపోయింది.

వరంగల్ రంగశాయిపేటలోని ఆ రెండు గదుల ఇంట్లో సుకన్య పెళ్ళి జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. కొయ్య చట్రానికి గుడ్డ బిగించి, నేల మీద కూర్చుని పూసలు కుడుతుంది, మెరుపు రాళ్ళు అతికిస్తుంది. కుట్టినవి కుట్టగా జారేవి జారుతూనే ఉంటాయి. రోజూ చీపురు పెడుతుంది కాబట్టి తన ఇల్లు అద్దమని ఆమె నమ్మకం.

మగ్గం కొత్తది కాదు. రఘునాథపల్లి నుంచి వెంకట్రాజం అనే ఆయన తన ట్రాలీలో తెచ్చి అమ్మిపోయాడు. కింది కర్ర మీద చిన్న చిన్న గాట్లు చూసి, ఎలుకలు కొరికిన కొయ్యను అంటగట్టాడని సుకన్య చాలా రోజులు తిట్టుకుంది.

ఆ మనిషి మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. తలుపు తీసి ఉంటే లోపలికి, వేసి ఉంటే గడప దాకా. అన్నం పెడితే తినలేదు. పేరు అడిగితే చెప్పలేదు. కళ్ళెప్పుడూ నేల మీదే.

రాళ్ళ కోసం వస్తోందేమో అనుకుంటే, గిన్నె నిండా ఉన్న రాళ్ళ వైపు కన్నెత్తి చూడలేదు. దొంగే అయినా బాగుండేది, సుకన్యకు ఇంత భయం ఉండేది కాదు.

అత్త రాజక్క మాత్రం కాచుకుని కూర్చుంది. ఒకనాడు ఆ కొంగు పట్టుకుని ముడి విప్పింది. కొన్ని రాళ్ళు, విరిగిన గాజు ముక్క, చింతగింజ, పిన్నీసు. పిన్నీసుకు చుట్టుకుని హన్సిక వెంట్రుకలు.

వెంట్రుకలు చూడగానే రాజక్క కొంగు వదిలేసి వెనక్కి జరిగింది.

"చేతబడి చేత్తాంది," అంది.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం వాడంతా తిరిగి రావడానికి ఎంతసేపు? పోయిన నెల పాపకు వచ్చిన జ్వరం, పక్కింటి బర్రె పాలివ్వకపోవడం, ఎదురింటి బోరు ఎండిపోవడం, అన్నీ ఆమె కొంగులోనే దొరికాయి. చీపుర్లు లేచాయి. సుకన్య చేతిలోనూ ఒకటి ఉంది. ఎవరో రాయి విసిరారు.

నుదురు చిట్లి నెత్తురు కారుతున్నా తుడుచుకోకుండా, ఆమె సుకన్య వైపు చూసింది.

"నేను రాకుంటే ఎవలు ఏరుతరు బిడ్డా?"

ఆ ఒక్క మాటే అంది. అది శాపమేనని తేల్చి, రాజక్క గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది.

ఆ మనిషి మళ్ళీ రాలేదు. ఆ నిమ్మకాయ ఎండకముందే హన్సికకు పొలమారింది. ఆడుకుంటున్న పిల్ల ఒక్కసారి దగ్గింది. ఆ తర్వాత దగ్గలేకపోయింది. పెదవులు నీలంగా మారాయి. సుకన్య భర్త ఓంప్రకాశ్ తన ఆటోలోనే హనుమకొండ ఆస్పత్రికి పరుగెత్తించాడు. దారి పొడవునా ఒళ్ళో పాప బరువు తప్ప సుకన్యకు మరేమీ తెలియలేదు.

డాక్టరు పద్మలత గొట్టం వేసి, ఊపిరి దారిలోంచి ఒక పూసను బయటికి తీసింది. పూసకు బెజ్జం ఉంది కాబట్టి కాస్త గాలి ఆడిందని, బెజ్జం లేని రాయే అయ్యుంటే పాప ఆస్పత్రి దాకా కూడా వచ్చేది కాదని చెప్పింది.

ఆ కొంగుముడిలోని రాళ్ళలో ఒక్కదానికీ బెజ్జం లేదు.

పాప ఇంటికి వచ్చింది. సుకన్యే మళ్ళీ సూది పట్టలేకపోయింది. కూర్చుంటే చాలు, మగ్గం కింద ఎవరో అరచేత్తో నేల తడుముతున్నట్టు ఉండేది. వంగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ మనిషి కోసం బస్టాండులో వెతికింది, సంతలో వెతికింది. దొరకలేదు. ఇక ఆ మగ్గం ఇంట్లో వద్దని, ఆటో మీద కట్టించుకుని భర్తతో రఘునాథపల్లి వెళ్ళింది.

వెంకట్రాజం గుండుతో ఉన్నాడు. మగ్గాన్ని చూసి లోపలికి రానివ్వలేదు, వాకిట్లోనే దింపించాడు.

"ఇది మా చెల్లె సమ్మమ్మది. కండ్ల ముందట లేకుంటే మరుత్తదని అమ్మిన. మీ ఇంట్ల పాకే పిల్ల ఉన్నదని దానితోని నోరు జారిన. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ ఆయె, ఇగ రోజూ వరంగల్‌కే. ఎందుకే అంటే, ఏరాలె అనేది."

నుదుటి మీద దెబ్బతో తిరిగొచ్చిన రోజు నుంచి అన్నం ముట్టలేదని, కొట్టిందెవరో చెప్పకుండానే కన్ను మూసిందని చెప్పాడు.

మేమే అని చెప్పాలి. ఆ మాటకు బదులు సుకన్య కింది కర్ర మీది గాట్లు చూపించి, ఎలుకలు కొరికాయా అని అడిగింది.

వెంకట్రాజం వంగి, వాటిని వేలితో మెల్లగా తడిమాడు.

"ఎలుకలు కాదు బిడ్డా, పండ్లు మొలిచేటప్పుడు మా సమ్మమ్మ కొడుకు కొరికినయి, గా నోటితోనే ఒకనాడు గీ మగ్గం కింద రాయి మింగిండు, ఇగ లేవలే."