నలభైమూడు ఫోన్లు

“తప్పెక్కడుందో తేలేదాకా ఎవ్వరూ కుర్చీలోంచి లేవడానికి వీల్లేదు!”

మేనేజరు బల్ల చరిచేసరికి బొమ్మలమ్మాయి ఉలిక్కిపడింది. కంపెనీ ప్రకటన మెయిళ్ళకి బొమ్మలు కూర్చేది ఆమే కాబట్టి ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు.

బల్ల మీద, నిన్న వేలమందికి వెళ్ళిన మెయిలు అచ్చుతీసిన కాగితం. ఎర్ర రిబ్బను కట్టిన రూమ్ హీటరు, పక్కన ముడుచుకు పడుకున్న పిల్లి, కింద ‘సగం ధరకే వెచ్చదనం’. అంతే.

“పొద్దున్నుంచి, ఇదివరకే హీటరు కొన్నవాళ్ళవి నలభైమూడు ఫోన్లు! హీటరు వైరు కరుగుతుందటగా, వెనక్కి తీసుకోండి అని. ఎవరు చెప్పారంటే, మీ మెయిలే అంటున్నారు. వేలమందికి పంపితే ఈ నలభైమూడు మందికే ఎలా తెలిసింది?”

వైరు సంగతి ఆ గదిలో ఉన్న మేనేజరు, ఇంజనీరు, బొమ్మలమ్మాయి ముగ్గురికే తెలుసు. పోయిన నెల పరీక్షలో కర్టెను భగ్గున అంటుకున్నప్పుడు ముగ్గురూ అక్కడే ఉన్నారు. సరుకు అమ్ముడయ్యేదాకా నోరు మెదిపితే జైలేనని మేనేజరు మిగతా ఇద్దరిచేతా సంతకాలు పెట్టించుకున్నాడు.

ఇంజనీరు భూతద్దం పెట్టి పిల్లి మీసాల దాకా వెతికాడు. “ఏమీ లేదండీ. ఉన్న సాక్షల్లా ఈ పిల్లే. అదీ నిద్రపోతోంది.”

“వెటకారాలొద్దు!” మేనేజరు ఆమెవైపు తిరిగాడు. “నిన్న మెయిలు గంట ఆలస్యం చేశావు. ఏం చేశావా గంటా?”

“ఎప్పుడూ చేసేదే సార్. ప్రతి బొమ్మ వెనకా వర్ణన రాయాలి కదా. రూలు.”

“బొమ్మ కళ్ళెదుటే ఉంటే మళ్ళీ వర్ణనేమిటమ్మా, చాదస్తం కాకపోతే! పైకి కనబడేదంతా పంపేముందు నేనే అక్షరం అక్షరం చూశాను. అంటే నువ్వు విడిగా ఫోన్లు చేశావు.”

“మా అమ్మ మీద ఒట్టు సార్. ఒక్కరికీ చెయ్యలేదు.”

ఆమె ఫోను లాక్కుని అంతా గాలించాడు. ఏమీ దొరకలేదు. అయినా వదల్లేదు.

“సరే. మొట్టమొదట ఫోను చేసినావిడ ఇల్లు పక్కవీధే. కారు పంపాను. ఎక్కడుందో నీ ఎదుటే వేలుపెట్టి చూపిస్తుంది. ఆ తర్వాత నీ సంగతి!”

వరండాలో అడుగుల చప్పుడు. బొమ్మలమ్మాయి తలుపు వైపు చూసింది.

మనవరాలి భుజం మీద చెయ్యి వేసుకుని ఓ ముసలావిడ వచ్చి కూర్చుంది.

“హీటరు బయట పడేయించాను. అగ్నిమాపక ఆఫీసుకీ చెప్పాను. ఈపాటికి మీ గోడౌను దగ్గర ఉంటారు,” అందావిడ. “అది రాసిన తల్లెవరో గానీ, చల్లగా ఉండాలి. రాత్రంతా ఆ హీటరు ఈ మనవరాలి మంచం పక్కనే వెలుగుతుండేది.”

మేనేజరు విసురుగా లేచాడు. కాగితం తీసి ఆవిడ ఒళ్ళో పడేశాడు.

“ఎక్కడుందో చూపించండి! ఇందులో ఎక్కడ చూశారు మీరు?”

ముసలావిడ కాగితాన్ని వేళ్ళతో తడిమి, చిన్నగా నవ్వింది.

“బొమ్మ వెనక రాసిన వర్ణనని నా ఫోను చదివి వినిపించింది. నాకు చూపు లేదు నాయనా.”