పదమూడో ముల్లు

"నాలుగే ఫొటోలమ్మా. మిగతావన్నీ ఉప్పునీళ్ళకి పోయాయి," అన్నాడు గాలింపు అధికారి. కంప్యూటర్ ముందు కుర్చీ ఆయనే లాగి వేశాడు.

చేపల మేడం కూర్చుంది. ఆ పరిశోధనశాలలో ఆవిడకి అదే పేరు. సముద్రం అడుగున ఎవరు ఏ ఫొటో తీసినా, అందులో ఉన్నది ఏ చేపో తేల్చాల్సింది ఆవిడే. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. బజార్లో ఎదురింటావిడ పలకరిస్తే పోల్చుకోదు గానీ, తోక కొస కనిపిస్తే చాలు, చేప పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుందని తోటివాళ్ళు ఆటపట్టిస్తుంటారు.

పగడపు దిబ్బల దగ్గర ఫొటోలు తీయడానికి దిగిన కుర్రాడొకడు గల్లంతై మూడు రోజులైంది. అతని కెమెరా మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఏ ఫొటో ఎంత లోతులో తీసిందో కెమెరాకు తెలియదు. చేపలకు తెలుసు. ఒక్కో రకం ఒక్కో లోతులోనే కాపురం ఉంటుంది. ఆఖరి ఫొటోలో చేప ఏదో తేలితే, ఆ కుర్రాడు ఎక్కడిదాకా దిగాడో తేలుతుంది. నలభై మీటర్లలోపైతే గాలింపు సాగుతుంది. దాటితే ఆపేయాలి. అంతకన్నా కిందికి మనిషిని పంపడానికి వీల్లేదు.

"ఇది చిలక చేప. పది మీటర్లు," అందావిడ. "ఇదీ పైదే." మూడోది కాస్త కిందిది.

నాలుగోది తెర మీదికి వచ్చింది. సీతాకోక చేప. మసక నీలంలో పక్కకి తిరిగి ఉంది. ఆవిడ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

"వీటిలో రెండు రకాలున్నాయి," అంది. "చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి. వీపు మీద పన్నెండు ముళ్ళుంటే పాతిక మీటర్లు. పదమూడుంటే డెబ్భై."

లెక్కపెట్టింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. సూదిలో దారం ఎక్కించేదానిలా తెరకి ముక్కు ఆనించి ఇంకోసారి లెక్కపెట్టింది.

"కళ్ళు ఇబ్బందిగా ఉంటే రేపు చూద్దామమ్మా."

"రేపటికి ముళ్ళు తగ్గుతాయా బాబూ?"

గుమ్మం దగ్గర నిలబడ్డ గజ ఈతగాడు ఉండబట్టలేకపోయాడు. సాయానికని పొద్దున్నే పక్క రేవు నుంచి వచ్చినవాడు. జుట్టు తడి ఇంకా ఆరలేదు.

"పన్నెండని రాసెయ్యండి మేడం. ఒక్క ముల్లేగా, ఎవరు చూడొచ్చారు? ఇంకో రోజు వెతుకుతాం. వాళ్ళ నాన్న ఒడ్డునే కూర్చున్నాడు, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు."

"టోపీ పెట్టుకున్నాడా?" తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది.

"ఆ? లేదనుకుంటా. ఆ కన్నతల్లి సంగతైనా ఆలోచించండి. కడసారి చూపైనా దక్కొద్దా?"

"నువ్వు కాస్త నోర్ముయ్యవయ్యా!" అధికారి కసిరాడు.

ఆవిడ ఈతగాడి వంక తిరిగింది. మహా అయితే పాతికేళ్ళుంటాయి. "పాతిక మీటర్ల దగ్గర కనపడకపోతే ఏం చేస్తావు?"

"ఇంకాస్త కిందికి దిగుతా. నాకు అలవాటే."

"మీ అమ్మకి తెలుసా?"

అతను తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు.

పన్నెండు అనేస్తే ఏం పోతుంది? ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆ పాడు ముల్లు అక్కడే ఉంది.

"పదమూడు," అంది. "డెబ్భై మీటర్లు."

"ఇంత బండరాయేమిటండీ మనిషి!" అంటూ ఈతగాడు తల కొట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అధికారి నివేదిక ముందుకు జరిపాడు. చేప పేరు, ముళ్ళ లెక్క, లోతు రాసి ఆవిడ సంతకం పెట్టింది.

"ఇంకోటి కూడా ఉందమ్మా." ఆయన రెండో కాగితం తీశాడు. "గాలింపు ఆపడానికి ఒప్పుకుంటున్నట్టు..."

ఆవిడ ఆ కాగితం కూడా అందుకుంది. సంతకం పెట్టి, 'గల్లంతైన వ్యక్తికి ఏమవుతారు' అన్న గడిలో, చేప పేరు రాసిన ఆ గుండ్రటి అక్షరాలతోనే, 'తల్లి' అని రాసింది.