గాజుతొట్టిలో నాగు

నాగుల పంచమి కావడంతో బీదర్‌లోని చేపల ఎగ్జిబిషన్‌కు పొద్దున్నే జనం విరగబడ్డారు. అందరూ ఎగబడేది ఒక్క తొట్టి దగ్గరికే. దానిమీద ‘సముద్ర నాగు’ అని కన్నడంలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాయించాడు ఎగ్జిబిషన్ నడిపే మాలిక్.

నిజానికి అది నాగూ కాదు, పామూ కాదు. మోరే ఈల్ అనే చేప. తెల్లటి ఒళ్లు, ఒంటినిండా నల్ల మచ్చలు, మచ్చల్లో పసుపు చుక్కలు. పొలుసన్నది ఉండదు. సముద్రంలో రాళ్ల సందుల్లో కాపురం. పగలంతా తల మాత్రం బయటపెట్టి, చీకటి పడ్డాక వాసన పట్టుకుంటూ పీతల వేటకు పోతుంది. ఇదంతా బోర్డు మీద రాస్తే టికెట్ ఎవరు కొంటారు? సముద్రం మొహం చూడని ఊళ్లో సన్నగా పొడుగ్గా ఉన్నదల్లా పామే. మాలిక్‌కు కావలసిందీ అదే.

తొట్టి చూసుకునేది సాయిలు. నీళ్లు మార్చాలి, ఉప్పు కలపాలి, మేత వేయాలి, జనం ఉన్నంతసేపూ తొట్టి వెనక నల్ల పరదా పక్కన నిలబడి కాపలా కాయాలి. చేపకు ఏమన్నా అయితే నౌకరీ ఊడుతుందని మాలిక్ మొదటిరోజే చెప్పాడు. ఆ నౌకరీ కోసం సాయిలు ఎక్కని గడప లేదు.

ఆ రోజు రాతి సందులోంచి తల బయటికి ఉంది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పిల్లలు జడిసి వెనక్కి తగ్గుతున్నారు. బుస కొడుతోందన్నారు కొందరు. కోపం కాదు, ఈ జాతి చేపలు నోటితో నీళ్లు మింగి మొప్పల్లోంచి వదులుతూ ఊపిరి తీస్తాయని సాయిలు ఓపికగా చెబుతున్నాడు. మేత ముట్టదేమని అడిగితే పగటిపూట తినదన్నాడు.

ధన్నూర నుంచి సిద్దమ్మ వచ్చింది. కొంగు చాటున పాలచెంబు.

పంచమి నాడు భూమి దున్నకూడదు. పోయిన పంచమికి అదను తప్పుతుందని ఆమె కొడుకు నవనాథ్ ట్రాక్టర్ తీశాడు. నాగలి కింద నాగుపాము రెండు ముక్కలైంది. ఏడాది తిరక్కుండానే అతని కాళ్లు పడిపోయాయి. బీదర్‌లో చూపించారు, లాతూరులో చూపించారు, హైదరాబాదులో చూపించారు. ఎవరూ లేపలేకపోయారు. పుట్టలో పాలు పోసి మొక్కుకుందామంటే, గట్టు మీది పుట్టను పొలం చదును చేసేటప్పుడే జేసీబీ తోడేసింది. ఇక ఆ తల్లికి మిగిలింది ఈ గాజుతొట్టి.

ఆమె దాని ముందు కొంగు పట్టింది.

“తప్పయింది తండ్రీ. పోరడు తెలువక చేసిండు. వాని కాళ్లు వానికియ్యి.”

చేప నోరు మెల్లగా తెరుచుకుంది.

“ఊ అంటుండు,” అంది సిద్దమ్మ. ఏడాదిగా నవ్వని ముఖం నవ్వింది. సాయిలు చూపు తిప్పుకున్నాడు.

ఎవరూ ఆపేలోపే చెంబెత్తి తొట్టిలో పాలు గుమ్మరించింది. నీళ్లు తెల్లబడ్డాయి. మాలిక్ పరుగున వచ్చాడు. నీళ్లు కాస్త తేరుకునేసరికి నోరు కదలడం లేదు. సాయిలు వలతో పైకి తీస్తే చేప తడిగుడ్డలా వేలాడింది. గబగబా బకెట్‌లో వేసి తువ్వాలు కప్పాడు.

“ఏం జేసినవ్ అవ్వా,” అన్నాడు. “పాలు పోస్తె బతుకుతదా? నీ చేతులనే సచ్చింది.”

మాలిక్ సాయిలును పల్లెత్తు మాట అనలేదు. నోటికొచ్చిందల్లా ముసలమ్మనే అన్నాడు. అంతదాకా ఆమె వెనకే చేతులు జోడించిన జనం, పంచమి నాడు నాగును చంపిన మనిషి నీడ కూడా సోకకూడదన్నట్టు పక్కకు జరిగారు. భక్తి అంత తొందరగా ఆవిరవడం ఎక్కడా చూడం.

సిద్దమ్మ ఖాళీ చెంబును కొంగు చాటున పెట్టుకుంది.

“ఒకదాన్ని వాడు సంపిండు, ఒకదాన్ని నేను సంపిన. ఇగ నా కొడుకు లేవడు బిడ్డా,” అని సాయిలుకే చెప్పుకుని బస్టాండ్ వైపు నడిచింది.

పరదా వెనక సాయిలు తువ్వాలు తీసి, నిన్న సాయంత్రమే చచ్చిపోయిన ఆ చేప దవడకు కట్టి పొద్దుటినుంచీ తాను లాగుతూ వచ్చిన సన్నటి నైలాన్ దారాన్ని విప్పాడు.